ఇంజిన్‌లో టకటక శబ్దం: షెడ్డుకి వెళ్లేముందు మీరే తేల్చుకోవడం ఎలా?

కారున్న వాళ్ల నుంచి నాకు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. “తిరుమల ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ కిణకిణ అంటోంది.” “పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు గరగరమని శబ్దం వచ్చి పోతోంది.” “మెకానిక్ హాఫ్ ఇంజిన్ (క్రాంక్, బేరింగులు ఉండే కింది భాగం) దించాలంటున్నాడు, నిజమేనా?” ముగ్గురూ దాన్ని నాకింగ్ అనే అంటారు గానీ, మూడూ మూడు వేర్వేరు తేడాలు. మొదటిది చాలాసార్లు గేరు తగ్గిస్తే పోతుంది. మూడోది నిజమైతే లేత్ పని దాకా వెళ్తుంది.

శబ్దం ఎలా ఉందో అందరూ నోటితో చేసి మరీ వినిపిస్తారు. ఎప్పుడు వస్తుందో మాత్రం అడిగితే గానీ చెప్పరు. ఇంజిన్ విప్పకుండా కారణం దగ్గరికి చేర్చేది ఈ ‘ఎప్పుడు’ అన్నదే. అందుకే కింది మెట్లన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఇది మామూలు పెట్రోల్ ఫ్యామిలీ కార్ల కోసం రాసింది. స్విఫ్ట్, వ్యాగన్‌ఆర్, ఐ10, అమేజ్ లాంటివన్న మాట. డీజిల్ గురించి చివర్లో కొంచెం చెప్తాను.

ముందుగా: మీటర్‌లో ఎర్రటి ఆయిల్ క్యాన్ గుర్తు వెలుగుతోందా?

వెలుగుతుంటే ఇంక చదవక్కర్లేదు. బండి పక్కకి తీసి వెంటనే ఆపేయండి. “మెల్లగా ఇంటిదాకా పోనిస్తాను” అనకండి. ఆయిల్ ప్రెషర్ లేకుండా తిరిగితే బేరింగులు నిమిషాల్లోనే పోతాయి. లైటు లేకపోయినా, బరువుగా ‘ధబ్ ధబ్’మని కొడుతూ యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే శబ్దమైతే కూడా నడపకుండా టోయింగ్ పిలిపించడమే చవక.

కావలసినవి

- కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్. ఆయిల్ గ్రేడు, ప్లగ్గు నంబరు అందులోనే ఉంటాయి.
- టార్చి, పాత తెల్లగుడ్డ, చేతి గ్లోవ్స్
- పొడుగాటి స్క్రూడ్రైవర్, లేదా మెకానిక్ స్టెతస్కోప్
- ప్లగ్గు పానా, వీలైతే టార్క్ రెంచ్
- ఓబీడీ పోర్టుకి (ఇంజిన్ కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్) పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో దాని యాప్
- పక్కన ఇంకో మనిషి. యాక్సిలరేటర్ తొక్కడానికి ఒకరు, వినడానికి ఒకరు ఉండాలి.

బానెట్ తెరిచాక చున్నీ, పైట, పొడుగు చేతులు బెల్టుకి దూరంగా ఉండాలి. ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగవచ్చు కాబట్టి అందులో వేళ్లు పెట్టకండి. వేడి మీద రేడియేటర్ మూత అసలు తిప్పకూడదు.

1. ఆయిల్ చూడండి

బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, పది నిమిషాలు వదిలేయండి. డిప్‌స్టిక్ లాగి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. కింది గుర్తుకన్నా తక్కువుంటే మాన్యువల్‌లో రాసిన గ్రేడే కొంచెం కొంచెంగా పోస్తూ చూసుకోండి. పై గుర్తు దాటించకండి. ఎక్కువైతే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగొచ్చిన ఆయిల్‌తో టాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు) మోగుతాయి. తక్కువైనప్పుడు వచ్చే శబ్దమే ఎక్కువైనప్పుడూ వస్తుందన్నమాట.

ఇప్పుడు ఆ డిప్‌స్టిక్ కొసను తెల్లగుడ్డ మీద రాసి ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. నల్లగా ఉంటే భయం లేదు, వాడిన ఆయిల్ నల్లగానే ఉంటుంది. సన్నటి తళుకు కనబడితేనే భయం. రాగి రంగులోనో వెండి రంగులోనో మెరుపు ఉందంటే బేరింగ్ అరుగుతోందని అర్థం. పెట్రోల్ వాసన గుప్పున కొడితే ఆయిల్ పలచబడింది. పాల టీ రంగులో చిక్కగా ఉంటే కూలెంట్ కలుస్తోంది. ఈ మూడింటిలో ఏది కనబడినా ఇక్కడితో ఆగి షెడ్డుకి పంపించండి.

2. శబ్దం ఎప్పుడు వస్తుందో రాసుకోండి

ఫోన్‌లో వీడియో తీస్తూ కింది వాటిలో మీది ఏదో గుర్తుపట్టండి.

*ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే, కిణకిణ.* కాలు తీస్తే వెంటనే పోతుంది, నిలబడి ఉన్న బండిలో రేస్ చేస్తే రాదు. ఇది అసలైన స్పార్క్ నాకింగ్. సిలిండర్‌లో పెట్రోల్ మంట వరుసగా పాకకుండా, చివర మిగిలిన భాగం తనంతట తానే ఒక్కసారిగా అంటుకోవడం. 5వ మెట్టుకి వెళ్లండి.

*పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్ల గరగర.* పాత స్విఫ్ట్‌లలోని కె-సిరీస్, ఐ10లోని కప్పా లాంటి ఇంజిన్లలో టైమింగ్ చైన్ ఉంటుంది. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతే, ప్రెషర్ వచ్చేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. నాసిరకం ఆయిల్ ఫిల్టర్‌లో ఆయిల్‌ను ఆపే వాల్వు సరిగా లేకపోయినా ఇదే జరుగుతుంది. ముందు కంపెనీ ఫిల్టర్, సరైన గ్రేడు ఆయిల్ మార్పించండి. అయినా రోజూ వస్తుంటే చైన్ టెన్షనర్ చూపించాలి. దీన్ని నెలల తరబడి వాయిదా వేయొద్దు. చైన్ పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకి తగలవచ్చు.

*చల్లగా ఉన్నప్పుడు టకటక, ఇంజిన్ వేడెక్కాక మాయం.* పిస్టన్ సిలిండర్ గోడకి కొట్టుకోవడం కావచ్చు. పాత బండ్లలో ఇది మామూలే. ఆయిల్ తాగకుండా, పొగ రాకుండా ఉంటే ఏళ్ల తరబడి నడిచే బండ్లున్నాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ లీకైనా ఇలాగే వినిపిస్తుంది, వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకోగానే ఆగిపోతుంది. గాస్కెట్ అంచున నల్లటి మసి చార కనబడితే అదే.

*ఎప్పుడూ సన్నగా టిక్ టిక్, పైభాగం నుంచి.* టాపెట్ సందు, లేదా పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల శబ్దం. ఇంజెక్టర్లు సహజంగానే టిక్‌టిక్‌మంటాయి. కొత్త బండి కొన్నవాళ్లు దీన్ని పట్టుకుని బెంగపడుతుంటారు, అక్కర్లేదు.

*బాగా వేడెక్కాక బరువైన దెబ్బ, రేస్ చేసి వదిలే క్షణంలో మరింత స్పష్టం.* కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కి కలిపే కడ్డీ) బేరింగ్. నడపడం ఆపండి.

3. అసలు ఇంజినేనా?

ఇంజిన్ జబ్బు అనుకుని వచ్చే వాటిలో చాలా వరకు చుట్టుపక్కల వస్తువులవే. విప్పకుండా చేసే పరీక్షలు ఇవి.

- ఏసీ వేసి, ఆపి చూడండి. శబ్దం మారితే కంప్రెసర్ వైపు వెతకాలి.
- న్యూట్రల్‌లో క్లచ్ తొక్కండి. ఆగిపోయినా, కొత్తగా మొదలైనా గేర్‌బాక్స్, క్లచ్ బేరింగ్ వైపు.
- బండి చల్లారాక సైలెన్సర్ పైన ఉండే రేకు కవర్లను వేళ్లతో తట్టండి. ఒక్క బోల్టు తుప్పుపట్టి ఊడినా ఆ రేకు సరిగ్గా నాకింగ్ లాగే మోగుతుంది.
- హ్యాండ్‌బ్రేక్ వేసి, మొదటి గేరులో క్లచ్ కొంచెం వదిలి పట్టండి. ఇంజిన్ విపరీతంగా ఎగిరి ‘ధబ్’ మంటే ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ పోయింది. బండి ముందు మనిషి ఉండకూడదు.

ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు అనుమానమైతే బయటి బెల్టు తీసి, చల్లటి ఇంజిన్‌ను అర నిమిషం లోపు నడిపి చూస్తారు. అలవాటు లేకపోతే దీన్ని షెడ్డులో చేయించుకోవడమే మంచిది.

4. స్క్రూడ్రైవర్‌తో వినండి

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా స్క్రూడ్రైవర్ మొన ఒకచోట ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి. టాపెట్ కవర్ మీద ఒకసారి, బ్లాక్ పక్కన ఒకసారి, కింద ఆయిల్ చాంబర్ దగ్గర ఒకసారి, చైన్ కవర్ మీద ఒకసారి. తిరిగే భాగాలకి తగలకుండా చూసుకోండి. ఎక్కడ గట్టిగా వినబడితే అక్కడే తప్పు అని వెంటనే తీర్మానించకండి. లోహంలో శబ్దం ప్రయాణిస్తుంది. పైనా కిందా బాగా తేడా ఉంటేనే నమ్మండి.

5. ఘాట్ ఎక్కేటప్పటి కిణకిణ

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ దీని మీదే. వరుస తప్పకుండా పైసా ఖర్చు లేని దాంతో మొదలుపెట్టండి.

*గేరు.* మైలేజీ వస్తుందని నాలుగో గేరులో ముప్పై నలభైలో పోనిచ్చి, స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా గేరు దించకుండా తొక్కేవాళ్లు మనలో చాలామంది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ భారం పెడితే ఏ ఇంజినైనా గుణుస్తుంది. అలిపిరి నుంచి పైకి వెళ్లే రెండో ఘాట్ అయినా, అనంతగిరి మీదుగా అరకు దారి అయినా, దోర్నాల నుంచి శ్రీశైలం దారి అయినా, అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీతో వెళ్తుంటే రెండో గేరులో 2500 నుంచి 3000 ఆర్‌పీఎంలో ఎక్కించండి. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే) బండైతే మాన్యువల్ మోడ్‌కి మార్చి మీరే గేరు తగ్గించండి. శబ్దం పూర్తిగా పోతే రిపేరు లేదు, డ్రైవింగ్ మారితే చాలు.

*వేడి.* చల్లారాక కూలెంట్ బాటిల్‌లో మట్టం చూడండి. ఘాట్ ఎక్కుతుండగా పక్కనున్న వాళ్లను స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ చదవమనండి. 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఊగుతుంటే మామూలే. 110 దాటి పెరుగుతూనే ఉంటే ఆగిపోండి. ఫ్యాను, థర్మోస్టాట్, పూడిపోయిన రేడియేటర్ చూపించాలి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసుకుంటూ వచ్చిన బండైతే లోపల ఉప్పు పేరుకుని ఉంటుంది.

*పెట్రోల్.* దీన్ని మందులాగా కాకుండా పరీక్షలాగా వాడండి. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, ఎక్స్‌పీ100 లాంటి ఎక్కువ ఆక్టేన్ (తనంతట తానే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఉన్న పెట్రోల్ కొన్ని లీటర్లు పోయించి అదే దారిలో అదే గేరులో ఎక్కండి. శబ్దం తగ్గితే ఇది స్పార్క్ నాకింగే. ఏ మార్పూ లేకపోతే పార్టుల్లో వెతకాలి. సీఎన్‌జీ కారైతే ఇంకా సులభం. సీఎన్‌జీ ఆక్టేన్ పెట్రోల్ కన్నా చాలా ఎక్కువ కాబట్టి గ్యాస్ మీదికి మార్చగానే కిణకిణ పోయిందంటే అనుమానం తీరినట్టే.

అన్నట్టు, “ఈ20 పెట్రోల్ (ఇరవై శాతం ఎథనాల్ కలిపింది) వచ్చాకే నాకింగ్ మొదలైంది” అనే మాట బాగా వినబడుతోంది. ఎథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది, తగ్గించదు. పాత బండ్లలో మైలేజీ తగ్గడం, రబ్బరు భాగాలు పాడవడం వేరే సంగతి. బంకులో నీళ్లు కలిసిన పెట్రోల్ పడితే మాత్రం ఎథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకి చేరుతుంది, బండి కుదుపుతుంది. పోయించిన రోజే తేడా మొదలైతే బంకు బిల్లు దాచుకోండి.

*ప్లగ్గులు.* ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. వేడి మీద అల్యూమినియం హెడ్‌లో మరలు పాడవుతాయి. ప్రతి ప్లగ్గునూ ఏ సిలిండర్‌దో గుర్తుపెట్టి వరుసగా పరిచి, కొస దగ్గర తెల్లటి పింగాణీని టార్చి వెలుతురులో చూడండి. లేత బిస్కెట్ రంగు ఉంటే ఇంజిన్ బాగుంది. పింగాణీ బాగా తెల్లబడి, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి మచ్చలుంటే నాకింగ్ జరుగుతోందన్న సాక్ష్యం మీ చేతిలో ఉన్నట్టే. ఆ మచ్చలు మెరుస్తూ చిన్న లోహపు పూసల్లా ఉంటే అవి పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం కావచ్చు, బండి ఇక నడపొద్దు. ప్లగ్గు మీది నంబరు మాన్యువల్‌తో సరిపోతుందా లేదా కూడా చూడండి. హీట్ రేంజి (ప్లగ్గు వేడిని వదిలే తీరు) తప్పిన ప్లగ్గు ఒక్కటి చాలు, ఇంత గొడవకి. బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పి, తర్వాత టార్క్ ప్రకారం బిగించండి.

*స్కానర్ కోడ్.* పీ0325 కనబడితే నాక్ సెన్సర్ (నాకింగ్‌ను విని కంప్యూటర్‌కి చెప్పేది) సర్క్యూట్‌లో తేడా. పీ0171 కనబడితే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ వెళ్తోంది. పగిలిన గాలి గొట్టాలు, వ్యాక్యూమ్ లీకులు, నీరసించిన పెట్రోల్ పంపు చూడాలి. నాక్ సెన్సర్ కోడ్ రాగానే సెన్సర్ కొనేయకండి. ముందు దాని వైరు వెంట టార్చి పట్టుకు వెళ్లండి. మన పార్కింగుల్లో ఎలుకలు కొరికిన వైర్లే ఎక్కువ. సెన్సర్ మార్చాల్సి వస్తే దాన్ని బ్లాక్‌కి బిగించే టార్క్ కీలకం, మామూలుగా 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీ బండిది చూసి బిగించండి. వదులైనా బిగుతైనా అది తప్పుగా వింటుంది.

*కార్బన్.* ఇవన్నీ బాగుండి, ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగే పాత బండైతే సిలిండర్లలో మసి గట్టిపడి ఉండవచ్చు. ప్లగ్గు రంధ్రం నుంచి చిన్న కెమెరా పెట్టి పిస్టన్ తల చూపించమనండి. ఫోటో చూశాకే క్లీనింగ్‌కి ఒప్పుకోండి. చూడకుండా ప్రతి సర్వీసుకీ బిల్లులో రాసే డీకార్బనైజింగ్ మీద నాకు నమ్మకం లేదు.

6. ఏ సిలిండర్‌లో కొడుతోంది?

శబ్దం గేరుతో, పెట్రోల్‌తో సంబంధం లేకుండా వస్తుంటే ఈ పరీక్ష. ఇంజిన్ ఆపి, ఒక ఇంజెక్టర్ కనెక్టర్ తీసేయండి. స్టార్ట్ చేసి అర నిమిషం లోపు విని ఆపండి. దాన్ని పెట్టేసి తర్వాతి సిలిండర్‌కి వెళ్లండి. ఆ సిలిండర్ పని చేయదు కాబట్టి బండి వణుకుతుంది, చెక్ ఇంజిన్ లైటు వస్తుంది. కంగారు వద్దు, తర్వాత స్కానర్‌తో చెరిపేయొచ్చు.

ఒక సిలిండర్ ఆపినప్పుడు శబ్దం బాగా తగ్గితే దాని రాడ్ బేరింగ్, పిస్టన్ లేదా పిన్. ఏది ఆపినా మార్పు లేకపోతే చైన్, టాపెట్లు, మెయిన్ బేరింగ్, లేదా బయటి భాగాలు.

చాలా షెడ్లలో ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ లాగి ఈ పరీక్ష చేస్తారు. అలా చేయనివ్వకండి. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే టర్బో బండ్లలో అయితే ఇంజెక్టర్లను మీరు ముట్టుకోవద్దు.

7. షెడ్డులో ఏం అడగాలి?

“హాఫ్ ఇంజిన్ దించాలి” అన్న మాట వినగానే తాళం ఇచ్చేయకండి. మూడు అడగండి. వేడి ఇంజిన్ మీద ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టి రీడింగ్ చూపించాలి, అది కంపెనీ చెప్పిన అంకెతో పోల్చాలి. తీసిన ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు తళుకు ఉందో లేదో మీ ముందే చూడాలి. చాంబర్ విప్పి ఒక్క రాడ్ బేరింగ్ తీసి చూపించాలి. అరిగిన బేరింగ్‌లో పై పూత పోయి కింది రాగి రంగు కనబడవచ్చు. మంచి మెకానిక్ ఇవి అడిగితే కోప్పడడు, తనే ముందు చూపిస్తాడు.

బేరింగ్ నిజంగా పోతే క్రాంక్‌ను కొలవకుండా కొత్త బేరింగులు మాత్రం వేయించుకోవద్దు. గీతలు పడ్డ క్రాంక్ మీద కొత్త బేరింగ్ ఎక్కువ కాలం ఉండదు. లేత్ వాళ్ల దగ్గర కొలిచిన సైజు కాగితం మీద రాయించుకోండి.

డీజిల్ కార్లకి

డీజిల్ శబ్దం చేస్తుంది, అది దాని స్వభావం. మారిందా అన్నదే చూడాలి. ఒక సిలిండర్ మాత్రం గట్టిగా కొడుతూ, దాంతో తెల్లటి లేదా నల్లటి పొగ కూడా వస్తుంటే ఇంజెక్టర్ మీద అనుమానం. పాత డీజిల్ బండ్లలో నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూసేవారు. కామన్ రైల్ ఇంజిన్ మీద అలా ఎన్నడూ చేయకండి. అందులో ప్రెషర్ 1000 బార్ దాటుతుంది, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. షెడ్డులో లీక్-ఆఫ్ పరీక్ష (ఒక్కో ఇంజెక్టర్ నుంచి ఎంత డీజిల్ వెనక్కి వస్తుందో కొలవడం) చేయించండి.

మాటిమాటికీ జరిగే పొరపాట్లు

- చిక్కటి ఆయిల్ పోసి శబ్దం తగ్గించడం. 0డబ్ల్యూ-20 పోయాల్సిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే కొన్నాళ్లు మెత్తబడుతుంది, లోపల అరుగుదల ఆగదు. ఇలా శబ్దం దాచి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి, సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే ఇంకోరోజు పొద్దున్నే రండి.
- చల్లటి ఇంజిన్‌ను గట్టిగా రేస్ చేసి వినడం.
- ఒకేసారి ప్లగ్గులు, పెట్రోల్, ఆయిల్ అన్నీ మార్చేయడం. శబ్దం పోయినా దేనివల్ల పోయిందో తెలియదు, మళ్లీ వస్తే మొదటికే వస్తారు.
- సీసాల్లో అమ్మే ఆయిల్ ట్రీట్‌మెంట్లు. అరిగిన బేరింగ్‌ను ఏ ద్రవమూ నింపలేదు.

బాగైందని ఎలా తెలుసుకోవాలి?

రిపేరు అయ్యాక షెడ్డు ముందు ఐడిల్‌లో విని డబ్బులిచ్చేయకండి. శబ్దం వచ్చిన పరిస్థితినే మళ్లీ తయారు చేయండి: అదే ఎత్తు, అదే గేరు, అంతే బరువు, ఏసీ వేసి. ముందు తీసిన వీడియో పక్కన పెట్టి పోల్చండి. పొద్దున్న శబ్దమైతే బండిని రాత్రంతా అక్కడే ఉంచి, మరునాడు మీ ఎదుటే స్టార్ట్ చేయించండి.

కోడ్లు చెరిపాక ఇంజిన్ కంప్యూటర్ కొన్ని ప్రయాణాల్లో మళ్లీ సర్దుకుంటుంది. అప్పుడు స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచి తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి, ప్లస్ పది, మైనస్ పది శాతం లోపు ఉంటే మంచిదే. పీ0325 తిరిగి రాకూడదు.

బేరింగ్ పని జరిగిన ఇంజిన్ అయితే 1000 కిలోమీటర్ల లోపే మొదటి ఆయిల్, ఫిల్టర్ మార్పించి, ఆ ఆయిల్‌ను మళ్లీ తెల్లగుడ్డ మీద ఎండలో చూడండి. కొద్దిపాటి సన్నటి బూడిదరంగు పొడి ఉండొచ్చు, కొత్త పార్టులు సర్దుకునేటప్పుడు వస్తుంది. రాగి తళుకు కనబడితే మాత్రం బిల్లు పట్టుకుని అదే రోజు షెడ్డుకి వెళ్లండి.